పాత కేసు, కొత్త కొలువు



సికింద్రాబాద్ మోండా మార్కెట్ తెలిసినవారికి అక్కడి పాత జైల్‌ఖానా కూడా తెలిసే ఉంటుంది. కంటోన్మెంటు చుట్టూ ఊరు పెరుగుతున్న తొలి రోజుల్లో, 1826 ప్రాంతంలో, బ్రిటిష్‌వారు కట్టిన జైలు అది. ఖైదీలు పోయి తరాలు గడిచాయి. చుట్టూ కూరగాయల బజారు, పాట్ మార్కెట్ బంగారు కొట్లు, జనరల్ బజార్ బట్టల దుకాణాలు, పాన్ బజార్ అల్లుకున్నాయి. జైలు ఆవరణలోకి కూడా వ్యాపారం వచ్చింది. ఈ బజారునే నమ్ముకుని గుమస్తాలు, సేల్స్ కుర్రాళ్లు, బట్టల కొట్లలో ఆడపిల్లలు, హమాలీలు, గోదాము కాపలాదారులు, డెలివరీ బండ్లవాళ్లు ఎంతోమంది బతుకుతున్నారు. వాళ్లలో ఒకరి మీద ఎప్పుడో ఒక కేసు నడిచింది, శిక్ష పడింది, ఆ శిక్ష తీరిపోయింది అనుకుందాం. ఆ మనిషికి ఇక్కడ పని దొరుకుతుందా? దొరికిన పని నిలుస్తుందా? చట్టం ఆ మనిషి పక్కన ఎంతవరకు నిలబడుతుంది? ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది దీని గురించే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. యజమాని ఆ పనికి అవసరమైనంతవరకే అడగాలి. అడిగినదానికి పనివాడు నిజం చెప్పాలి. ఎన్నేళ్ల కిందటి సంగతి వరకు అడగవచ్చో చట్టం హద్దు గీయాలి. మొదటి రెండింటికీ మన కోర్టులు దారి చూపాయి. మూడోది మనకు ఇంకా లేదు.

ముందు, మన బజారులో పని ఎలా దొరుకుతుందో చూడండి. పేపర్లో ప్రకటన ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. "మనోడే సేటూ, నేను జిమ్మేదారి" అని ఎవరో ఒకరు మాట ఇస్తారు. ఆ పూచీ మీద కుర్రాడు రేపటి నుంచి దుకాణంలో ఉంటాడు. చిన్న వ్యాపారికి ఇది సహజమే. గల్లా పెట్టె తాళం చేతికిచ్చే మనిషి గురించి తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. అయితే పూచీ పడేవాడు తన ఊరివాణ్ని, తన కులంవాణ్ని, తన బస్తీవాణ్ని తెస్తాడు. పూచీ దొరకనివాడు బయటే ఉండిపోతాడు. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనకుండానే వివక్ష జరిగిపోయే పద్ధతి ఇది. జైలుకు వెళ్లొచ్చిన మనిషికి మొదట తెగిపోయేది కూడా ఆ పూచీయే. అతని కోసం మాట ఇవ్వడానికి సొంత మేనమామ కూడా జంకుతాడు.

వివక్ష మీద మన చట్టం ఏమంటుంది? ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం రాజ్యాంగం 16వ అధికరణ ఇచ్చిన హక్కు. ప్రైవేటు దుకాణాలకు, కంపెనీలకు మాత్రం అన్నిటికీ కలిపి వర్తించే వివక్ష నిరోధక చట్టం మన దేశంలో లేదు. శశి థరూర్ పార్లమెంటులో ప్రైవేటు మెంబరు బిల్లుగా ఒకటి తెచ్చారు, అది చట్టం కాలేదు. ఉన్నవి విడివిడి చట్టాలు. ఆడ, మగ తేడాతో జీతంలో గానీ, పనిలోకి తీసుకోవడంలో గానీ వివక్ష కూడదని 1976లో చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ నియమం 2019 నాటి వేతనాల కోడ్‌లో ఉంది, ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వికలాంగులకు 2016 చట్టం, హెచ్‌ఐవీ ఉన్నవారికి 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టం ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలను ఉపాధి చేసుకోనివ్వకుండా అడ్డుకోవడం అట్రాసిటీల చట్టం కింద నేరం. వీటిలో ఒక్క దానిలోనూ గతంలో శిక్ష పడినవారి ప్రస్తావన లేదు.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కాస్త ఆగాలి. శిక్ష అనగానే మనకు హత్య, దోపిడీ గుర్తొస్తాయి. బజారులో పనిచేసే వాళ్లకు తగులుకునే కేసులు చాలావరకు అవి కావు. రోడ్డుకు అడ్డంగా సరుకు పెట్టారనో, వేళ దాటాక దుకాణం తెరిచి ఉంచారనో, పండగ రాత్రి వీధిలో గొడవ చేశారనో పోలీసులు పెట్టేవాటిని మన దగ్గర పెట్టీ కేసులంటారు. ఇలాంటి వాటికి నిజాం కాలపు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ నాటిది, ఇప్పటికీ పనికొస్తోంది. సరుకు బయట పెట్టించింది యజమాని కావచ్చు, పేరు రాయించుకున్నది అక్కడ నిలబడ్డ కుర్రాడు. కోర్టులో పిలుస్తారు. "ఒప్పుకుని ఫైన్ కట్టెయ్, పొద్దున్నే అయిపోతుంది, పనికి పోవచ్చు" అని పక్కవాళ్లు చెబుతారు. కుర్రాడు తల ఊపుతాడు, వందో రెండొందలో కట్టి బయటపడతాడు. ఆ పూటకు పీడ వదిలిందనుకుంటాడు.

వదలలేదు. కోర్టులో నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే, చట్టం దృష్టిలో నేరం రుజువై శిక్ష పడడమే. ఎంత చిన్న జరిమానా అయినా అంతే. తాగి బండి నడిపి పట్టుబడి కోర్టులో ఒప్పుకున్నా అంతే. రెండేళ్ల తర్వాత కానిస్టేబుల్ ఉద్యోగానికో, రైల్వే ఉద్యోగానికో, ఒక పెద్ద కంపెనీ గోదాములో పనికో దరఖాస్తు పెడితే అందులో ఒక గడి ఉంటుంది: మీకు ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా? కుర్రాడు ఫైన్‌ను శిక్ష అనుకోడు. "లేదు" అని రాస్తాడు. తర్వాత పోలీస్ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. ఇక అతని మీద పడే నింద రోడ్డు మీద సరుకు పెట్టాడని కాదు, అబద్ధం చెప్పాడని.

అందుకే, మీ ఇంట్లో కుర్రాళ్లకు ఇది దయచేసి చెప్పండి. కోర్టులో ఒప్పుకునే ముందు ఒక్కసారి వకీలును అడగాలి. రాజీ చేసుకోదగ్గ నేరమైతే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినప్పుడు నిర్దోషిగా విడుదలైనంత ఫలితం వస్తుంది, అది శిక్ష కిందికి రాదు. రాజీకి కుదరని కేసయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. మొదటిసారి చిన్న తప్పు చేసినవారిని మందలించో, మంచి నడవడికకు బాండు రాయించుకునో కోర్టు వదిలిపెట్టవచ్చు. 21 ఏళ్లు నిండనివారినైతే, తగిన కారణాలు రాస్తే తప్ప జైలుకు పంపకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. అలా వదిలిన మనిషికి, శిక్ష వల్ల కలిగే అనర్హత అంటదని 12వ సెక్షను చెబుతుంది. 18 ఏళ్లు నిండకముందు జరిగిన నేరమైతే 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ఇంకా గట్టి రక్షణ ఇస్తుంది. మేజిస్ట్రేటు ముందు అడగకపోతే ఇవి చేజారిపోవచ్చు. అడగాలని తెలియక పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇక ఆ దరఖాస్తు గడి గురించి కోర్టులు ఏమన్నాయో చూద్దాం. ఒకటి మన తెలుగు నేల కేసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుడు కానిస్టేబుల్ శిక్షణకు ఎంపికయ్యాడు. ఫారంలో, మీకు శిక్ష పడిందా, ముందస్తు నిర్బంధ చట్టాల కింద మిమ్మల్ని ఉంచారా అని అడిగారు. లేదన్నాడు. అతన్ని ఒక కేసులో అరెస్టు చేశారని, ఆ కేసు నడుస్తోందని తర్వాత తెలిసింది. నిజం దాచాడని హోం శాఖ వాదన. 2005లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. శిక్ష గురించి అడిగారు, అరెస్టు గురించి అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పలేదని మనిషిని తప్పుపట్టడం కుదరదు అంది. ఉద్యోగి కర్తవ్యానికి, యజమాని కర్తవ్యానికి మధ్య గీత ఎక్కడుందో ఈ తీర్పు చూపిస్తుంది. ప్రశ్న స్పష్టంగా అడగడం అడిగేవాడి బాధ్యత. స్పష్టంగా అడిగితే నిజం చెప్పడం చెప్పేవాడి బాధ్యత.

2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగం గురించి మరొక కేసు వచ్చింది. కుర్రతనంలో జరిగిన కొట్లాట, రాజీ అయి కొట్టేసిన కేసు. దరఖాస్తులో రాయలేదని ఎంపిక రద్దు చేశారు. జస్టిస్ మార్కండేయ కట్జూ తన తీర్పులో, ఆకలికి రొట్టె దొంగిలించి జీవితమంతా దొంగగా ముద్రపడ్డ జీన్ వాల్‌జీన్‌ను తలచుకున్నారు. విక్టర్ హ్యూగో నవలలోని ఆ మనిషి మనకు కొత్తవాడు కాడు. 1950లో నాగయ్యగారు నటించిన బీదలపాట్లు సినిమా ఆ కథే. కుర్రాళ్లు కుర్రతనంలో చేసిన చిన్న తప్పులకు జన్మంతా నేరస్థులన్న ముద్ర వేయడం తగదని కోర్టు అంది, అతని ఉద్యోగం నిలబెట్టింది.

ఆ తర్వాత ఒక బెంచి ఒకలా, ఇంకొక బెంచి ఇంకొకలా తీర్పులిస్తుంటే, 2016 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి అవతార్ సింగ్ కేసులో ఒక దారి వేసింది. ఉద్యోగార్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. దాచినా, దాచిన సంగతి ఎంత చిన్నది, ఏ వయసులో జరిగింది, ఉద్యోగం ఎటువంటిది అని తూచి యజమాని నిర్ణయించాలి. కుర్రతనంలో నినాదాలు చేసిన కేసును, నమ్మకద్రోహం కేసును ఒకే గాటన కట్టకూడదు. అయితే ఇందులో రెండో వైపు కూడా ఉంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, గతాన్ని లెక్కలోకి తీసుకునే హక్కు యజమానికి ఉంటుంది. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది. బ్యాంకు డబ్బు కాజేసినవాణ్ని మళ్లీ బ్యాంకు గల్లా దగ్గర కూర్చోబెట్టమని ఎవరూ అనరు. అదే మనిషి కూరగాయల బస్తాలు మోయడానికి వస్తే ఆ పాత కేసు ఎందుకు అడ్డురావాలి? ముఠా, జట్టు, హమాలీ పనివాళ్ల కోసం మనకు 1976 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. అది పని క్రమబద్ధం చేయడానికి, వాళ్ల సంక్షేమానికి వచ్చింది. భుజబలంతో చేసే పనికి పాత కోర్టు కాగితంతో ఏ సంబంధమూ లేదు.

గల్లా మాట వచ్చింది కాబట్టి ఇంకొక తీర్పు చెప్పాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన తీర్పు ఇది. ఢిల్లీ పాల పథకంలో ఒక క్యాష్ క్లర్కు 500 రూపాయలు వాడుకున్నాడు. ఇంట్లో కష్టాలు మీదపడ్డ సమయం అది. డబ్బు తిరిగి కట్టాడు, కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు ప్రొబేషన్ చట్టం కింద అతన్ని వదిలిపెట్టారు. 1964లో శాఖ మాత్రం ఉద్యోగం తీసేసింది. 1985లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ఏమన్నారంటే, ప్రొబేషన్ చట్టం ఉన్నంత మాత్రాన ఉద్యోగంలోంచి తీసే అధికారం పోదు, కానీ ఆ అధికారాన్ని న్యాయంగా వాడాలి, తప్పుకు తగినంతే శిక్ష ఉండాలి. అతన్ని వెనకటి జీతంతో సహా ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. 500 రూపాయల కోసం ఆ కుటుంబం 21 ఏళ్లు ఎదురుచూసింది.

మరి మన బజారులో గుమస్తాకు ఇలాంటి రక్షణ ఉందా? కొంత ఉంది. మన రాష్ట్రంలో దుకాణాలకు, సంస్థలకు వర్తించే 1988 చట్టం 47వ సెక్షను ప్రకారం, ఆరు నెలలు ఏకబిగిన పనిచేసినవారిని తగిన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో, దాని బదులు జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. ఏడాది నిండితే, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. తప్పు చేశాడని తీయాలంటే విచారణ జరిపి, సాక్ష్యం చూపాలి. తీసేసిన సంగతి కాగితం మీద ఉండాలి. దాని మీద కార్మిక శాఖలో అప్పీలు చేసుకోవచ్చు. "నీ మీద పాత కేసుందట, రేపట్నుంచి రాకు" అని నోటిమాటగా గెంటేయడం ఈ చట్టానికి విరుద్ధం. చేసిన రోజుల జీతం ఆపడమైతే ఏ చట్టమూ ఒప్పుకోదు.

గల్లాలో లెక్క తగ్గినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. దుకాణంలో నలుగురు పనివాళ్లుంటే, పాత కేసు ఉన్నవాడి వైపే అందరి చూపూ తిరుగుతుంది. జీతంలో కోత పడుతుంది. వేతనాల కోడ్ ప్రకారం, నష్టానికి జీతం కోయాలంటే ఆ నష్టం ఆ మనిషి నిర్లక్ష్యం వల్లో, తప్పు వల్లో జరిగి ఉండాలి, తన మాట చెప్పుకునే అవకాశం అతనికి ఇచ్చి ఉండాలి. అనుమానం ఒక్కటే కోతకు కారణం కాదు.

ఇక పనివాడి వైపు. ఇక్కడ మెత్తగా మాట్లాడితే లాభం లేదు. దుకాణంలో పనిచేసే మనిషి మీద చట్టం పెట్టిన బాధ్యత బరువైనది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బయటి మనిషి మొదటిసారి 5,000 రూపాయల లోపు వస్తువు దొంగిలించి, నేరం రుజువైనా దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. అదే వస్తువును దుకాణంలో గుమస్తా తీస్తే సెక్షను వేరు. యజమాని సొత్తును నౌకరు దొంగిలించినందుకు ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. చేతికిచ్చిన తాళానికి చట్టం అంత విలువ కట్టింది. సరుకు జాగ్రత్తగా చూసుకోవడం, ఖాతాల సంగతి పక్క దుకాణానికి చేరవేయకపోవడం, యజమాని చెప్పిన న్యాయమైన పని చేయడం, అడిగినప్పుడు నిజం చెప్పడం కొలువు చేసేవాడి ధర్మం. పాత కేసు ఉన్నవారికి నా సలహా ఒకటే. అడగకపోతే మీ అంతట మీరు చెప్పుకోనక్కరలేదు. సూటిగా అడిగితే మాత్రం దాచకండి. ఏ కోర్టు, ఏ సెక్షను, ఎంత జరిమానా, ఏ సంవత్సరం అన్నది తీర్పు నకలుతో సహా దగ్గర పెట్టుకోండి. "ఏదో చిన్న కేసులెండి" అనే మాటకన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ పనిచేస్తుంది.

ముద్ర వేయడం ఎంత దూరం పోగలదో తెలుగువాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కరలేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఏ నేరమూ చేయకపోయినా, ఆ ముద్ర వేసిన కులంలో పుట్టడమే నేరమైంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని 1914 ప్రాంతంలో ఎరుకల కుటుంబాల కోసం అలాంటి ముద్ర పడ్డవారి సెటిల్‌మెంటుగానే పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అక్కడివాళ్లు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. రద్దయి 70 ఏళ్లు దాటినా, ఆ ఊరి పేరు చెప్పి పని అడగడానికి జంకే యువకులు ఇంకా ఉన్నారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలను కొట్టివేస్తూ, అలవాటు నేరస్థులన్న పేరుతో ఆ తెగల మీద పాత ముద్ర కొనసాగించడాన్ని కూడా తప్పుపట్టింది. చట్టం పోయినా మన చూపు మారడానికి ఎన్ని తరాలు పడుతుందో ఇది చెబుతోంది.

మనసుంటే మార్గం ఉందని చూపిన పని మన నగరంలోనే జరిగింది. చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకులో ఖైదీలు, విడుదలైనవారు పనిచేస్తున్నారు. రోజూ చేతుల్లో డబ్బు ఆడే పని అది. అక్కడ బండి ఆపి పెట్రోలు పోయించుకునే మనం వాళ్ల చేతికి డబ్బు ఇస్తూనే ఉన్నాం. ప్రభుత్వ శాఖ చేసిన ఆ పనిని మోండా మార్కెట్ వ్యాపారులు చేయలేరని నేను అనుకోను.

బయటి దేశాలు దీన్ని వ్యాపారుల మంచితనానికి వదిలేయలేదు. బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టం ఉంది. శిక్ష ఎంత పెద్దదో చూసి దానికి ఒక గడువు పెట్టారు. ఆ గడువు మళ్లీ నేరం చేయకుండా గడిపితే పాత శిక్ష తీరిపోయినట్టే. మామూలు ఉద్యోగానికి అడిగినా "లేదు" అని చెప్పే హక్కు ఆ మనిషికి వస్తుంది. పిల్లలతో, రోగులతో పనిచేసే ఉద్యోగాల వంటి వాటికి మినహాయింపులున్నాయి. బాగా పెద్ద శిక్షలు దీని కిందికి రావు. అమెరికాలో హవాయి రాష్ట్రం 1998లో ఇంకొక పద్ధతి తెచ్చింది. ముందు మనిషిని చూసి ఉద్యోగం ఇస్తామని చెప్పాలి, పాత శిక్ష గురించి అడిగేది ఆ తర్వాతే, అది కూడా పనికి సంబంధం ఉంటేనే. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా, పనిలోంచి తీసేసినవారు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లి అడగవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది.

చివరగా మన శాసనసభ్యులకు ఒక విన్నపం. కార్మికుల విషయం ఉమ్మడి జాబితాలో ఉంది. 1988 నాటి దుకాణాల చట్టం మన రాష్ట్రానిది, దాన్ని సవరించే అధికారం మన శాసనసభకు ఉంది. చిన్న నేరానికి పడిన శిక్ష తీరి, కొన్నేళ్లు మళ్లీ ఏ కేసూ లేకుండా గడిపిన మనిషిని ఆ పాత కేసు పేరుతో పనిలోంచి తీయకూడదని, పనికి సంబంధం లేకుండా అడగకూడదని అందులో ఒక్క సెక్షను చేర్చండి. మోండా మార్కెట్‌లో బస్తా మోసే మనిషికి, చీరలు చూపించే అమ్మాయికి, గల్లా దగ్గర కూర్చునే గుమస్తాకు ఈ రోజు ఆ రక్షణ లేదు. అది ఇవ్వడం మీ చేతిలో ఉంది.